రాణి లేని పెట్టె

ఫెర్రీ పొద్దున ఏడింటికి.
ఇప్పుడు రాత్రి పదకొండుంపావు.
హీయుమా ద్వీపంలో, కార్ద్‌ల బడి ప్రయోగశాలలో
హీటర్ చల్లబడి గంటైంది.
సల్మె కోటు విప్పలేదు.
ఒళ్ళో ఊలు టోపీ, టోపీలో మూడు క్యాసెట్లు.

"చలికాలంలో పెట్టె మూత తియ్యకూడదు రైవో,
రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని వినాలి.
ఆకలి ఒకలా మోగుతుంది, తేమ ఒకలా."
ఇరవై చలికాలాలు విన్నదట.
రేపు తాలిన్‌లో తేనెటీగలవాళ్ళ సభ.
వాళ్ళ దగ్గర టేపు ఆడించేది లేదు,
సిడి అయితే తెమ్మన్నారు.

క్యాసెట్లలోని మోతని కంప్యూటర్లోకి ఎక్కించడం
సాయంత్రమే అయిపోయింది. కష్టం అక్కడ లేదు.
సిడి రాసే డ్రైవ్ ఎదురుగా కూర్చుని ఉంది,
పచ్చదీపం కూడా వెలుగుతోంది.
లినక్స్ మాత్రం
అలాంటివాళ్ళెవరూ ఈ వీధిలో లేరంటోంది.

వీధంతా వెతికించాను.
సున్నా నుంచి ఏడు దాకా తలుపు తలుపూ తట్టి వచ్చింది:
ఖాళీ, ఖాళీ, ఖాళీ,
ఆరో ఇంట్లో పాత స్కానర్ మాత్రం
నేనున్నానంది, పాపం, ఎవరూ పిలవకుండానే.

మాడ్‌ప్రోబ్ ఐడిఈ-స్కజీ.
నిశ్శబ్దం.
ఇక్కడ నిశ్శబ్దమంటే సరేనని అర్థం,
మనుషుల్లో అలా కాదు.
ఎల్ఎస్‌మాడ్ కొట్టి చూశాను.
ఉంది, జాబితాలో మొదటి వరసలోనే ఉంది,
పక్కన సున్నా.
ఉద్యోగమిచ్చి కుర్చీ ఇవ్వనట్టు.

కుర్చీలో ఉన్నది ఐడిఈ-సిడి.
యంత్రం కళ్ళు తెరుస్తుండగానే
డ్రైవ్‌ని తన చేతికిందికి తీసుకున్నవాడు.
చెడ్డవాడేం కాదు. చదవడం బాగా వచ్చు.
రాయడమే రాదు.
లేవమంటే, పనిలో ఉన్నానన్నాడు.
ఏం పని? కెర్నల్ చెప్పదు.

బడి వెనక చెర్రీ చెట్టుకి
పోయినేడు నేను పాడుచేసిన పళ్ళేలు పద్నాలుగు
పిట్టల్ని బెదిరిస్తూ వేలాడుతున్నాయి.
పదిహేనోదాన్ని విప్పి బల్లమీద పెట్టాను,
మళ్ళీ డబ్బాలో పెట్టాను.

సల్మె లేచొచ్చి
కంప్యూటర్ రేకుకి చెవి ఆనించింది.
నవ్వు ఆపుకున్నాను.
"దీనికి రాణి లేదు," అంది.
కాసేపాగి, "లేదా రెండున్నాయి. రెంటికీ ఏడుపు ఒకటే."

ఒక ఒరలో రెండు కత్తులు, అన్నాను, ఏదో అనాలని.

"కత్తుల సంగతి నాకు తెలీదు.
కొత్త రాణిని పెట్టాలంటే పాతదాన్ని తియ్యాలి.
పెట్టాక కాదు. ముందు."

ముందు.

ఆ మాట నేను మంగళవారమే రాశాను.
బూట్ అయ్యేవేళ చదివే కాగితంలో, చివరి వరసలో,
ఈ డ్రైవ్ ఫలానావాడిది, నువ్వు ముట్టుకోకు అని
స్పష్టంగా రాసి, దాచి,
లైలోని పిలిచి చదివించడం మరిచిపోయాను.
ఉత్తరం రాసి జేబులోనే పెట్టుకు తిరుగుతూ
జవాబు రాలేదని నాలుగు రోజులు అలిగాను.

లైలో అని కొట్టాను. ఒక్క క్షణం పట్టింది.
మళ్ళీ మొదలెట్టాను.
తెల్ల అక్షరాలు చీమలబారులా పైకి పోయాయి,
ఈసారి మొదటి ఇంట్లో దీపం.

రెండింతల వేగం చాలనుకున్నాను, తొందరపడితే పోతుంది.
నలభై నిమిషాల మోత, ఇరవై నిమిషాల రాత.
"బల్ల తగలకు," అన్నాను.
ఆవిడ ఊపిరి కూడా మెల్లగా పీల్చింది.
డ్రైవ్ లోపల ఏదో పెరుగుతూ, తగ్గుతూ, సర్దుకుంటూ.
"ఇప్పుడు బాగుంది," అంది కళ్ళు మూసుకునే.

పన్నెండూ యాభైకి వెచ్చగా బయటికొచ్చింది.
ఆడించి చూశాం.
గది నిండా ముదురు గోధుమరంగు మోత.
మధ్యలో ఎవరో దగ్గారు.

"నేనే," అంది సల్మె.
"తొంభై మూడు, ఫిబ్రవరి.
ఆ పెట్టె వసంతం దాకా రాలేదు."

టోపీ తలకి పెట్టుకుంది, క్యాసెట్లు జేబులో వేసుకుంది.
తలుపు దాకా వెళ్ళి ఆగింది.
"ఇంకోటి తియ్యి.
ఇది నాకు."